కౌన్సిలర్ గదిలో ఏం జరుగుతుంది?

మా సంఘంలో ఒక సహోదరి ఉన్నారు. ఆమె పెద్ద కొడుకు డిగ్రీ చదువుతూ బైక్ ప్రమాదంలో చనిపోయాడు. భూస్థాపన రోజునా, ఆ తర్వాత జరిగిన ఆదరణ కూటాల్లోనూ మేమంతా ఆమెకు చాలా మాటలు చెప్పాం. దేవుడు తనకిష్టమైన వాళ్లను ముందుగా పిలుచుకుంటాడన్నాం. ఇంకో కొడుకు ఉన్నాడు కదా, వాడి ముఖం చూసి ధైర్యం తెచ్చుకోమన్నాం. విశ్వాసులం మనం, అన్యుల్లాగా ఏడవకూడదన్నాం. ఆమె అన్నిటికీ తల ఊపారు. నాలుగైదు నెలలు గడిచేసరికి ఆరాధనకు రావడం తగ్గించేశారు. “సహోదరి బలహీనపడింది, ప్రార్థించండి” అని ఎవరో వాట్సాప్ గ్రూపులో పెట్టారు.

ఏడాది దాటాక ఆమె చెల్లెలు పట్టుబట్టి పట్నంలో ఒక కౌన్సిలర్ దగ్గరకు తీసుకెళ్లింది. నాలుగు వారాలు వెళ్లొచ్చాక మాలో ఒకరు ఉండబట్టలేక, “ఏం చెప్పారమ్మా ఆవిడ?” అని అడిగారు.

“పెద్దగా ఏం చెప్పలేదండి. బాబు పేరేంటని అడిగారు. వాడి గురించి చెప్పమన్నారు. వాడు కూర కలుపుకోకుండా ముందు పెరుగన్నమే తినేవాడు, ఆ సంగతి చెప్పాను. వింటూ కూర్చున్నారు.” కాసేపాగి మళ్లీ అన్నారు. “ఏడాది నుంచి వాడి పేరు ఎవరూ ఎత్తలేదండి.”

ఆమె అనుమతితోనే, ఒకటి రెండు వివరాలు మార్చి ఇది రాస్తున్నాం. ఆ మాట విన్నాక మేం చాలా రోజులు సిగ్గుపడ్డాం. ఆ తర్వాత ఒక ప్రశ్న మిగిలింది. సలహా ఇవ్వలేదు, ధైర్యం చెప్పలేదు, ఊరికే విన్నారు. దానికే ఆమెకు నిద్ర పట్టడం మొదలైందంటే ఆ గదిలో జరుగుతున్నదేమిటి? “వినడానికి కూడా డబ్బులు తీసుకుంటారా?” అని మన పెద్దలు అడుగుతుంటారు. నవ్వుతూ అడిగినా అది న్యాయమైన ప్రశ్నే.

ఈ పద్ధతికి ఒక రూపం ఇచ్చినవారిలో ముందుగా చెప్పుకోవాల్సిన పేరు కార్ల్ రోజర్స్. 1902లో అమెరికాలో, షికాగో పక్కనున్న ఓక్ పార్క్‌లో పుట్టారు. భక్తిగల, కట్టుబాట్లు గట్టిగా ఉన్న ఇల్లు. పేకాట, నాటకాలు, నాట్యం, మద్యం ఏవీ గుమ్మం లోపలికి రానివ్వని కుటుంబం. మన పాఠకుల్లో చాలామందికి అలాంటి ఇల్లు బాగా తెలుసు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వ్యవసాయం చదవడానికి చేరి, సేవకు వెళ్లాలన్న ఆలోచనతో దారి మార్చుకున్నారు. 1922లో చైనాలోని పెకింగ్‌లో ప్రపంచ క్రైస్తవ విద్యార్థి సమాఖ్య సభలకు వెళ్లొచ్చారు. 1924లో న్యూయార్క్‌లోని యూనియన్ సెమినరీలో చేరారు. రెండేళ్లయ్యాక ఆ సెమినరీ వదిలి, వీధి దాటితే వచ్చే కొలంబియా టీచర్స్ కాలేజీలో మనస్తత్వశాస్త్రం చదివారు. పాదిరి కాబోయి కౌన్సిలర్ అయ్యారన్నమాట.

తర్వాత రోచెస్టర్ పట్టణంలో పన్నెండేళ్లు కష్టాల్లో ఉన్న పిల్లల మధ్య పనిచేశారు. ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన సంగతి అక్కడే జరిగింది, దాన్ని ఆయనే రాసుకున్నారు. ఒక తల్లి అదుపు తప్పిన కొడుకు విషయమై ఆయన దగ్గరకు వచ్చేది. ఆమె ఆ పిల్లవాడిని చిన్నప్పటి నుంచి దగ్గరకు తీయకపోవడమే సమస్య అని రోజర్స్‌కు తేలిపోయింది. దాన్ని ఆమె చేత ఒప్పించాలని వారం వారం ప్రయత్నించారు. నెమ్మదిగా చెప్పారు, ఆమె చెప్పిన సంఘటనలనే ముందు పెట్టి చూపించారు. ఏమీ కదల్లేదు. చివరికి, మనిద్దరం ప్రయత్నించాం, ఫలితం లేదు, ఇక ఆపేద్దామా అన్నారు. ఆమె సరేనంది. లేచి తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి, ఇక్కడ పెద్దవాళ్లకు కూడా కౌన్సిలింగ్ చేస్తారా అని అడిగింది. చేస్తామన్నారు. వచ్చి అదే కుర్చీలో కూర్చుని తన కాపురం గురించి, భర్తతో పడుతున్న బాధ గురించి, తాను ఓడిపోయానన్న దిగులు గురించి కుండ బద్దలైనట్టు చెప్పుకుపోయింది. అసలు సహాయం ఆ రోజు మొదలైంది. ఆ తర్వాత కొడుకు కూడా బాగుపడ్డాడు.

ఈ సంగతిలో గమనించాల్సింది ఒకటుంది. అంతకుముందు రోజర్స్ చెప్పింది తప్పు కాదు. ఆయన నిర్ధారణ బహుశా సరైనదే. కానీ ఆ సరైన మాటే ఆమె నోరు మూయించింది. నొప్పి ఎక్కడుందో, ముందుగా ఏ మాట చెప్పుకోవాలో ఆ మనిషికే తెలుసునని ఆయన ఆ రోజు నేర్చుకున్నారు. తన దగ్గరకు వచ్చేవారిని రోగి అనడం మానేసి క్లయింట్ అనడం కూడా ఈ దారిలోనే వచ్చింది.

1957లో ఆయన ఒక వ్యాసంలో, మనిషి లోపల మార్పు రావడానికి ఆరు పరిస్థితులు కావాలని రాశారు. అందులో మూడు కౌన్సిలర్ మీద ఆధారపడినవి. మొదటిది నిజాయితీ. కౌన్సిలర్ ముఖాన ఒకటి, మనసులో ఒకటి పెట్టుకోకూడదు. రెండోది షరతుల్లేని ఆదరణ. నువ్వు ఫలానా విధంగా మారితే గౌరవిస్తాను అని కాకుండా, ఉన్నది ఉన్నట్టుగా ఆ మనిషిని విలువైనవాడిగా చూడడం. మూడోది సహానుభూతి. జాలి వేరు, ఇది వేరు. జాలిపడేవాడు గట్టు మీద నిలబడి చూస్తాడు. సహానుభూతి ఉన్నవాడు, ఈమెకు ఈ లోకం ఎలా కనిపిస్తోంది అని ఆమె వైపు నుంచి చూసి, తాను గ్రహించింది సరిగా ఉందో లేదో ఆమెనే అడుగుతాడు. “అంటే, అందరూ ఏడవొద్దంటుంటే మీ దుఃఖం తప్పేమో అనిపించిందా?” అని అడిగితే ఆమె అవునంటుంది, లేదా “తప్పని కాదండి, వాడిని నేను మర్చిపోతానేమోనని భయం” అంటుంది. ఆ రెండో జవాబు అంతకుముందు ఆమెకే తెలియకపోవచ్చు. వినడం పనిగా మారేది ఇక్కడే. ఫీజు తీసుకునేది చెవులు అప్పగించినందుకు కాదు.

మన విశ్వాసుల్లో ఈ రెండో మాట దగ్గర ఒక సందేహం వస్తుంది. షరతుల్లేని ఆదరణ అంటే పాపాన్ని సమర్థించడమా? కాదు. తాగుడుకు బానిసైన సహోదరుడు కౌన్సిలర్ దగ్గర కూర్చుంటే తాగడం మంచిదని ఎవరూ చెప్పరు. ఎన్ని సీసాలో దాచకుండా చెప్పగల చోటు ఒకటి దొరుకుతుంది. దాచిపెట్టినంతకాలం ఏదీ మారదని మనకు తెలియనిది కాదు. అయితే రోజర్స్ చెప్పిన ప్రతిదాన్నీ మనం తలకెత్తుకోనక్కర్లేదు. మనిషి స్వభావం మీద ఆయనకు మనకంటే చాలా ఎక్కువ నమ్మకం. ఆయన సమకాలికుడు, అదే యూనియన్ సెమినరీలో చదివిన రోలో మే కూడా 1982లో ఆయనకు బహిరంగ లేఖ రాసి, మనిషిలోని చెడుతనాన్ని మీరు తక్కువ అంచనా వేస్తున్నారని గట్టిగానే వాదించారు. ఆ విషయంలో మేం రోలో మే పక్షమే. అయినా వినే పద్ధతి గురించి రోజర్స్ చెప్పింది అంత తేలిగ్గా తోసేసేది కాదు.

ఆయన తర్వాత వచ్చినవారు దీనికి కొంత చేర్చారు. 1979లో ఎడ్వర్డ్ బోర్డిన్ అనే మనస్తత్వవేత్త, కౌన్సిలర్‌కూ క్లయింట్‌కూ మధ్య మూడు కుదరాలన్నారు. ఎక్కడికి చేరాలో ఇద్దరికీ ఒకే మాట ఉండాలి, అందుకు ఏం చేయాలో ఒప్పందం ఉండాలి, మధ్యలో నమ్మకం ఉండాలి. పద్ధతి ఏదైనా ఈ బంధం బలంగా ఉన్నచోట ఫలితం మెరుగ్గా ఉంటుందని తర్వాతి పరిశోధనలు పదే పదే చూపాయి. ఈ బంధం ఎప్పుడూ సాఫీగా సాగదు కూడా. ఒక్కోసారి కౌన్సిలర్ మాటే క్లయింట్‌కు గుచ్చుకుంటుంది. మంచి కౌన్సిలర్ దాన్ని గమనించి, “పోయినసారి నేనన్న మాట మిమ్మల్ని బాధపెట్టినట్టుంది” అని తానే ఎత్తుతారు. పెద్దవాళ్లు తమ తప్పు ఒప్పుకోవడం ఎన్నడూ చూడని మనిషికి ఆ ఒక్క మాటే పెద్ద మందు.

మన దగ్గర ఈ పద్ధతికి కొన్ని ఇబ్బందులున్నాయి. మనం సలహా కోసం వెళ్తాం. “మీరే ఏదో ఒకటి చెప్పండి మేడం, మీరు పెద్దవాళ్లు” అంటాం. చెప్పకపోతే ఈవిడకేమీ రాదనుకుని మానేస్తాం. అందుకే ఇక్కడి కౌన్సిలర్లు చాలామంది కొంత దారి చూపిస్తూ, కొంత వింటూ నడుపుతారు, అందులో తప్పేమీ లేదు. రెండో ఇబ్బంది గుట్టు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని మన సామెత. ఇంటి సంగతి బయట చెప్పకూడదన్నది పాలతో పాటు తాగిన మాట. ఆ భయాన్ని మన సంఘాలు తగ్గించకపోగా పెంచాయని ఒప్పుకోవాలి. చెవిలో చెప్పిన బాధ బుధవారం కూటానికి ప్రార్థన అంశమైపోతుంది. పేరు చెప్పకుండా, “మన వీధిలోనే ఒక కుటుంబం” అంటూ ప్రసంగంలో ఉదాహరణ అవుతుంది. పేరు చెప్పకపోతే మాత్రం ఎవరికి తెలియదు?

కౌన్సిలర్‌కు ఆ వీలు లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స పొందేవారికి గోప్యత హక్కుగా ఇచ్చింది. ప్రాణానికి ప్రమాదం ఉన్నప్పుడు మాట దాచరు. పిల్లలపై లైంగిక హింస సంగతి తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. పాస్టర్లకు కూడా అది వర్తిస్తుంది. మంచి కౌన్సిలర్ ఈ మినహాయింపులు మొదటి రోజే చెబుతారు. ఇంకో తేడా ఉంది. పాస్టరు గారు ఆదివారం బల్ల ఇస్తారు, రేపు మీ అమ్మాయి పెళ్లి జరిపిస్తారు, మీ అత్తగారితోనూ మాట్లాడతారు. ఆయన ఎంత మంచివారైనా కొన్ని మాటలు ఆయన ముందు నోటికి రావు. కౌన్సిలర్ మీ ఇంటి శుభకార్యానికి రారు, కానుక తీసుకోరు, ముప్పావు గంట అయ్యాక లేస్తారు. మొదట అది కరుకుగా అనిపిస్తుంది. ఆ గీత ఉండబట్టే ఇవతల ధైర్యంగా మాట్లాడగలుగుతాం.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. బంధం ఒక్కటే అన్నిటికీ సరిపోదు. తీవ్రమైన డిప్రెషన్, స్కిజోఫ్రీనియా, బైపోలార్ వంటి వాటికి సైకియాట్రిస్టు, మందులు కావాలి. ఏలీయా చచ్చిపోతే బాగుండునని బదరీ వృక్షం కింద పడుకున్నప్పుడు దూత ముందు ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు. శరీరం సంగతి ముందు చూడాల్సిన రోజులుంటాయి. వెల్లూరు సీఎంసీ మానసిక వైద్య విభాగంలో రోగితో పాటు కుటుంబ సభ్యులు కూడా ఉండి చికిత్సలో పాలుపంచుకునే పద్ధతి ఎన్నో ఏళ్లుగా ఉంది. మందు, బంధం ఒకదానికొకటి పోటీ కాదనడానికి అంతకంటే ఏం కావాలి?

బోర్డు పెట్టిన ప్రతివారూ శిక్షణ పొందినవారు కారు కాబట్టి ఏం చదివారో, ఎక్కడ శిక్షణ పొందారో అడగండి, మొహమాటపడొద్దు. క్లినికల్ సైకాలజిస్టు అయితే భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

మా సంఘంలో ఇప్పుడు ప్రార్థన అంశం చదివే ముందు ఆ వ్యక్తిని అడిగి, సరేనంటేనే చదువుతున్నాం. ఆ గ్రూపులో కూడా అదే నియమం పెట్టాం, ఇద్దరు ముగ్గురు అలిగారు. ఆ సహోదరి ఇప్పటికీ నెలకు రెండుసార్లు పట్నం వెళ్లొస్తున్నారు. ఆరాధనకు కొన్ని ఆదివారాలు వస్తారు, కొన్ని ఆదివారాలు రారు. ఎందుకు రాలేదని మేం అడగడం లేదు. పోయిన నెల బాబు పుట్టినరోజు వచ్చింది. సంఘంలోని పెద్దావిడ ఒకరు వాళ్లింటికి వెళ్లి, వాడి ఫోటోలు చూపించమ్మా అని అడిగి, సాయంత్రం దాకా కూర్చుని వచ్చారు.