రోగి వేసే మార్కులు

తాగుడు మానిపించే మందేదైనా ఉంటే చెప్పమని అడిగేవారు మనకు వీధికి పదిమంది కనిపిస్తారు. తాగేవాణ్ణి ఎదురుగా కూచోబెట్టుకుని, "ఏమయ్యా, మేము చేస్తున్న ఈ వైద్యం నీకేమన్నా పనికివస్తున్నదా?" అని అడిగేవారు మాత్రం అరుదు. ఆ ప్రశ్న అడిగే చోట నేను రెండేళ్ళుగా పనిచేస్తున్నాను. నాది పెద్ద పనేమీ కాదు. పంతులమ్మగా ఉద్యోగవిరమణ చేసిన తరువాత, మా ఊళ్ళో ఒక చికిత్సా కేంద్రానికి వారానికి రెండు పూటలు వెళ్ళి, వచ్చినవారికి కాగితాలు అందించి, చదువురానివారికి చదివి వినిపిస్తాను. అక్కడ మంచాలు లేవు. రోగి ఇంటినుంచి వచ్చి, కౌన్సిలరుతో ముప్పావుగంట మాట్లాడి, మళ్ళీ ఇంటికే పోతాడు. పోయే దారిలోనే బ్రాందీ దుకాణమూ ఉంటుంది. ఆ ముప్పావుగంటలో విన్నదే వాడికి తోడు.

2019లో కేంద్రప్రభుత్వం వెలువరించిన జాతీయ సర్వేలో ఒక అంకె ఉన్నది. మద్యానికి పూర్తిగా బానిసలైనవారు 38 మంది ఉంటే, అందులో ఏదో ఒక చికిత్స పొందామని చెప్పినవాడు ఒక్కడట! ఆ ఒక్కడూ భార్య బతిమాలితేనో, తల్లి ఏడిస్తేనో గుమ్మం తొక్కి, రెండోవారం కనపడకపోతే ఇక లెక్క చెప్పేదేముంది?

మా దగ్గర వాడే కాగితాలు రెండు. స్కాట్ మిల్లర్, బ్యారీ డంకన్ అనే అమెరికా మానసిక శాస్త్రజ్ఞులు, వారి సహచరులు కలిసి వీటిని తయారుచేసి 2000 తరువాతి సంవత్సరాలలో ప్రచారంలోకి తెచ్చారు. ఒక్కొక్క కాగితం మీద నాలుగు గీతలు. ఒక్కొక్క గీత పొడవు పది సెంటీమీటర్లు. ఎడమ కొస "బాగాలేదు", కుడి కొస "బాగున్నది". రోగి తనకు తోచినచోట అడ్డంగా చిన్న గీటు పెడతాడు. స్కేలుతో కొలిస్తే గీతకు పది చొప్పున నలభైకి మార్కులు వస్తాయి. కూచోగానే ఇచ్చే మొదటి కాగితం, గడచిన వారం తన మటుకు తాను ఎలా ఉన్నాడు, ఇంట్లోవారితో ఎలా ఉన్నాడు, పనిలోనూ నలుగురిలోనూ ఎలా ఉన్నాడు, మొత్తంమీద ఎలా ఉన్నదీ అని అడుగుతుంది. లేవబోయేముందు ఇచ్చే రెండోది కౌన్సిలరుకు పరీక్ష. నా మాట విన్నారా, నేను మాట్లాడదలచినదే మాట్లాడామా, ఈ పద్ధతి నాకు సరిపడుతుందా, మొత్తంమీద ఇవాళ ఎలా జరిగింది? ఇందులో 36కు తగ్గితే తప్పక కారణం అడగాలని వారి నియమం.

ముప్పయి ఏళ్ళు పిల్లలకు మార్కులు వేసిన నాకు, మార్కులు పడేటప్పుడు పెద్దవాళ్ళ ముఖాలు ఎలా ఉంటాయో చూడటం కొత్త వినోదం సుమండీ!

అనుభవమున్న కౌన్సిలరు ముఖం చూసి చెప్పలేడా, ఈ గీతలెందుకని మా వారు అడిగారు. చెప్పలేడట. అమెరికాలో మైకేల్ లాంబర్ట్ బృందం 2005లో ప్రచురించిన పరిశోధనలో, చికిత్సకు వచ్చిన 550 మందిలో ఎవరి పరిస్థితి దిగజారుతుందో ముందుగా చెప్పమని చికిత్సకులనే అడిగారు. వారు వేలెత్తి చూపినది ముగ్గురిని. నిజంగా దిగజారినవారు నలభైమంది.

నేను చేరకముందు జరిగిన సంగతి ఒకటి కౌన్సిలరే నాకు చెప్పాడు. అప్పట్లో కాగితాలు నింపించి, తీరిక ఉన్నప్పుడు చూద్దామని బీరువాలో పెట్టేవారు. ఒక ఆసామీ వరసగా మూడువారాలు రెండో గీత మీద ఎడమ కొసనే గీటు పెట్టాడు. నాలుగోవారం రాలేదు. నెల తరువాత అతని భార్య వచ్చి, మిగిలిపోయిన మాత్రలు బల్లమీద పెట్టి వెళ్ళింది. ఆమె నుదుట బొట్టు లేదు. ఆ కాగితాలు వెంటనే చూసి ఉంటే మనిషి బతికేవాడని నేను అనను. ఆనాటినుంచి మాత్రం, రోగి కుర్చీలోంచి లేవకముందే కాగితం చదివి, దాన్నిగురించి రెండు మాటలు మాట్లాడాలని నియమం పెట్టుకున్నారు.

అయితే మన దేశంలో చిక్కంతా మర్యాదతో వస్తుంది. డాక్టరుగారి ఎదుట "బాగాలేదండీ" అనటం మనవాళ్ళకు చేతకాదు. గీటు పెట్టమంటే కుడి కొస దాటించి బల్లమీదకు కూడా గీస్తారు! అందుకని మా కౌన్సిలరు ప్రశ్న మార్చుకున్నాడు. "బాగుందా?" అని అడగడు. "వచ్చేవారం ఇంకొంచెం బాగుండాలంటే ఏ ఒక్కటి మార్చమంటావు, బాబాయ్?" అంటాడు. దీనికి జవాబు వస్తుంది.

ఒక తాపీమేస్త్రీ ఇచ్చిన జవాబు వినండి. "మీరు తాగుడు సంగతే అడుగుతారు గానీ నిద్ర సంగతి అడగరు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తుంది బాబూ. తెల్లారేదాకా గోడకేసి చూస్తూ కూచోవాలి. గుటకేస్తే నిద్ర పడుతుందని నాకు తెలుసు. అది వద్దంటే మరేం చెయ్యను?" మూడువారాలుగా అతనికి లివరు బొమ్మ చూపిస్తూ, పిల్లల చదువుల సంగతి చెబుతూ ఉన్నారు. అతనికి కావలసింది రాత్రి రెండింటినుంచి అయిదింటిదాకా గడిపే ఉపాయం. ఆ రోజే డాక్టరుగారి దగ్గరకు పంపారు. తాగుడు మానిన కొత్తలో నిద్ర చెడటం మామూలేననీ, అది మళ్ళీ సీసా దగ్గరకు తోస్తుందనీ ఆయన చెప్పి తగిన మందు రాశారు. (రోజూ విపరీతంగా తాగేవారిని ఇంట్లోవాళ్ళు గదిలో పెట్టి గొళ్ళెంవేసి ఒక్కసారిగా మాన్పించబోతారు. అలా చేస్తే వణుకు, ఫిట్లు, మతిభ్రమణం వచ్చి ప్రాణం మీదకు వస్తుంది. డాక్టరుకు చూపకుండా ఆ పని ఎన్నడూ చేయవద్దు.) మేస్త్రీ పూర్తిగా మానాడని చెప్పను, సంక్రాంతికి ఒకసారి జారాడు. కానీ జారిన మూడోనాడే తనంతట తాను వచ్చి కూచున్నాడు.

భార్యలకూ ఒక కాగితం ఇస్తే బాగుంటుందని నేనే చెప్పాను. ఇంతకూ ఇంట్లో ఎలా ఉన్నదో తెలిసింది ఆమెకే కదా! ఒక గుమాస్తాగారి మొదటి కాగితంలో ఇంటి గీత మీద తొమ్మిది వచ్చింది. అదే వారం ఆయన భార్య పెట్టిన గీటు కొలిస్తే రెండున్నర. ఇద్దరినీ ఎదురెదురుగా పెట్టి దెబ్బలాట పెట్టలేదు లెండి. ఆయన కోరిక మీద ఆమెను బయట కూచోబెట్టి ఆయనతోనూ, తరువాత ఆమెతో విడిగానూ మాట్లాడారు.

గట్టిగా నాలుగు చీవాట్లు పెడితేగాని తాగుబోతులు దారికి రారని ఇప్పటికీ నమ్మేవారున్నారు. అమెరికాలోనే విలియం మిల్లర్ అనే మరొక మిల్లర్‌గారు తన సహచరులతో 1993లో ప్రచురించిన పరిశోధనలో, కౌన్సిలరు ఎంత ఎక్కువగా నిలదీస్తే, ఏడాది తరువాత రోగి అంత ఎక్కువగా తాగుతున్నట్లు తేలింది. అత్తలూ మామలూ ఈ మాట కత్తిరించి దాచుకోదగ్గది.

కాగితాలు ఇస్తే చాలు, అంతా చక్కబడుతుందనుకోవటమూ పొరపాటే. అమెరికా ఈశాన్య ప్రాంతంలో 20 ఓ.పి. క్లినిక్కులలో రోగుల అభిప్రాయాలు పేరు లేకుండా సేకరించి, కౌన్సిలర్లకు మొత్తంగా చూపించారు. 2010లో ఫలితం ప్రచురిస్తే, చెప్పుకోదగ్గ లాభమేమీ కనిపించలేదు. నాకిది వింతగా తోచలేదు. తరగతి సగటు చూసి వెనకబెంచీ పిల్లవాడికి ఎక్కాలు ఎలా నేర్పుతాం? ఎవరి గీత ఎక్కడ ఆగిందో వాడి ఎదుటనే చూడాలి.

పూర్తి మార్కులు వేసేవారితోనే అసలు భయం. మందుల కంపెనీలో పనిచేసే ఒక కుర్రవాడు నాలుగువారాలు వరసగా నలభైకి నలభై వేశాడు. అతని సొంత కాగితం మాత్రం పద్నాలుగు దగ్గరే నిలిచిపోయింది. అయిదోవారం కౌన్సిలరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "మాకు నలభై, నీకు పద్నాలుగు. ఇదేం లెక్క తమ్ముడూ?" అన్నాడు. కుర్రవాడు నవ్వాడు. తరువాత చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "మీరు మంచివారు సార్, మిమ్మల్ని నొప్పించడమెందుకని..." అని, ప్రతి వారమూ ఇక్కడికి వచ్చేముందు కూడా తాగి వస్తున్నట్లు చెప్పాడు. అతనికి ఇంటినుంచి వచ్చిపోయే వైద్యం చాలదని తేలి, మంచాలున్న ఆసుపత్రికి పంపారు. అక్కడ కొన్నాళ్ళుండి, తేరుకుని, మళ్ళీ మా దగ్గరకే వస్తున్నాడు.

ఇప్పుడతని సొంత కాగితం ఇరవై ఆరు. మాకు మాత్రం ముప్పయి ఒకటే వేశాడు. కారణం అడిగితే, వరండా బెంచీలు వీధివైపు ఉన్నాయనీ, తెలిసినవాళ్ళు పోతూ పోతూ పలకరిస్తున్నారనీ చెప్పాడు. బెంచీలు పెరటివైపుకు మార్పించాము. కిందటి గురువారం కూడా ముప్పయి ఒకటే వేశాడు. పెరటివైపు ఫ్యాను లేదట.