బోలు గొట్టమును వంచు నేర్పు

బాపట్ల జిల్లాలో, తెనాలినుండి రేపల్లెకు పోవు రైలుమార్గముపై, భట్టిప్రోలు అను ప్రాచీన గ్రామము కలదు. 1892వ సంవత్సరమున అలెగ్జాండర్ రీ అను పురాతత్త్వ పరిశోధకుడు అచటి బౌద్ధస్తూపమును త్రవ్వించగా, రాతిపేటికలును, స్ఫటికపు కరండమును బయల్పడెను. కఠినమైన స్ఫటికమును పగులనీయక బోలుగా తొలిచిన పూర్వుల హస్తకౌశలము నేటికిని చూపరులకు ఆశ్చర్యము గొల్పును. బోలు వస్తువును చెడకుండ మలచుట ఏ కాలమునందైనను కష్టమైన పనియే. ఇంటి పంచలో చిన్న పనిముట్ల బల్ల నమర్చుకొని, ఉక్కు గొట్టమును మూలమట్టముగా వంచబూనినవానికి ఈ సంగతి వెంటనే తెలియవచ్చును.

సైకిలు హ్యాండిలు వంపును చూడని బాలుడుండడు. 1925వ సంవత్సరమున జర్మనీలో మార్సెల్ బ్రాయర్ అను శిల్పి, సైకిలు హ్యాండిలును చూచియే వంచిన ఉక్కు గొట్టములతో కుర్చీని నిర్మించెను. అట్టి నునుపైన వంపు సాధించుటకు బలమొక్కటియే చాలునా? చాలదు. వట్టి గొట్టమును మోకాటికి అదిమి వంచినచో, అది వంపు దగ్గర చప్పిడియై నొక్కుకొనిపోవును. అట్లు నొక్కుకొన్న గొట్టము బలము కోల్పోవును.

ఇందులకు కారణమేమి? 25 మి.మీ. లావుగల గొట్టమును, దాని నడిమి రేఖ 75 మి.మీ. వ్యాసార్ధముతో తిరుగునట్లు, 90 డిగ్రీలు వంచితిమనుకొందము. నడిమి రేఖ పొడవు సుమారు 118 మి.మీ. వెలుపలి అంచు 137 మి.మీ. వరకు సాగవలెను, లోపలి అంచు 98 మి.మీ.కు కుదించుకొనిపోవలెను. సాగిన గోడ పలుచబడును. కుదించుకొన్న గోడ ముడుతలు పడ జూచును. లోపల అడ్డుపడునదేదియు లేకున్నచో, రెండు గోడలును ఒకదాని దరికొకటి చేరును. వంపు ఎంత బిగువైనచో ఈ బాధ అంత అధికము.

కావున గొట్టమునకు లోపలినుండి ఆధారమీయవలెను. కమ్మరులు చిరకాలముగా వాడు ఆధారము ఇసుక. సన్నని ఇసుకను జల్లించి, మూకుడులో వేయించి, తడి లేశమైనను లేకుండ ఆరబెట్టుదురు. గొట్టమున కొక కొనను కొయ్యబిరడా బిగించి, ఇసుకను కొంచెము కొంచెముగా పోయుచు, గోడను సుత్తితో తట్టుచు, దిట్టముగా నింపుదురు. పిదప రెండవ కొనను మూసి, వంపవలసిన భాగమును సుద్దతో గుర్తించి, అంతవరకే కొలిమిలో నారింజపండు ఛాయ వచ్చువరకు కాల్చుదురు. బల్లకు బిగించిన గుండ్రని అచ్చు చుట్టును దానిని తొందరపడక, ఒకే నిదానముతో వంచుదురు. అతుకు గొట్టమైనచో, ఆ అతుకు వెలుపలి అంచున గాని లోపలి అంచున గాని పడక, ప్రక్కగా నుండవలెను. అచట సాగుటయు, కుదించుకొనుటయు స్వల్పము. వంచిన పిమ్మట నీట ముంచక, గాలిలోనే చల్లారనీయవలెను.

ఈ పనిలో ప్రాణముమీదికి వచ్చు పొరపాట్లు రెండు కలవు. మొదటిది తడి ఇసుక. నీరు ఆవిరియైనచో సుమారు 1,600 రెట్లు వ్యాపించును. రెండు కొనలును మూసిన గొట్టములో ఆ ఆవిరికి దారి యెక్కడిది? అది బిరడాను తుపాకి గుండువలె ఎగురగొట్టును, లేదా గొట్టమునే చీల్చును. వానకాలమున గాలిలోని చెమ్మ కూడ ఇసుకకు పట్టును. నిన్న ఆరిన ఇసుకను నేడు నమ్మరాదు. ఒక బిరడాకు సన్నని రంధ్రము పెట్టుటయు, కాలుచున్న గొట్టపు కొనల కెదురుగా ఎవ్వరును నిలువకుండుటయు అవశ్యము. రెండవది తుత్తునాగపు పూతగల నీటి గొట్టము. దానిని కాల్చినచో వెలువడు తెల్లని పొగ పీల్చినవారికి చలిజ్వరము వచ్చును. అట్టి గొట్టమును కొలిమిలో పెట్టకుండుటయే మేలు. కండ్లద్దములును, చేతితొడుగులును లేనిదే ఈ పని తలపెట్టరాదు. బాలురు పెద్దల కనుసన్నల దూరమునుండి చూడవలెనే కాని చేయరాదు.

నేడు చల్లని గొట్టమునే వంచు యంత్రములు వచ్చినవి. వానిలో గొట్టము గాడిగల చక్రమున కానుకొని వంగును. పెద్ద కర్మాగారములలో లోపలి గోడ కానునట్లు ఉక్కుకడ్డీ నొకదానిని గొట్టములో నుంచుదురు. చల్లని ఉక్కు వదలినంతనే కొంత వెనుకకు విచ్చుకొనును గనుక, కోరిన కోణముకంటె కొంచె మెక్కువగా వంచవలెను. పనిముట్టు మారినను సూత్రము మారలేదు: బోలైనదానికి లోపల ఆధారము కావలెను.

చేతనైన పనివాడు వంచుటకు పట్టు కాలముకంటె ఇసుక నారబెట్టుటకు పట్టు కాలమే ఎక్కువ. చూచువారికి అది వృథాగా తోచును. కాని వంపు నునుపుగా వచ్చుటయు, పనివాడు క్షేమముగా ఇల్లు చేరుటయు ఆ కాలముపైననే ఆధారపడియున్నవి.