మూడు దోనెల మీద ఒక తెరచాప

చిన్న పడవకు తెరచాప కడితే ముందుగా ఎదురయ్యే చిక్కు ఒరుగు. గాలి పడవను ముందుకు లాగడమే కాదు, పక్కకు కూడా నెడుతుంది. ఒక మనిషి కూర్చునేంత సన్నటి కయాక్‌కు స్తంభం నిలబెడితే ఓ మోస్తరు గాలికే బోర్లా పడుతుంది. దీన్ని ఆపడానికి మనుషులు రకరకాల ఉపాయాలు పన్నారు. పెద్ద యాట్లలో అడుగున సీసమో ఇనుమో బరువుగా బిగిస్తారు. హుస్సేన్ సాగర్‌లో లేజర్ అనే చిన్న చాప పడవల పోటీలు చూసినవాళ్లకు ఇంకో ఉపాయం తెలిసే ఉంటుంది: నావికుడు పాదాలను పట్టీ కింద బిగించి, ఒళ్లంతా నీళ్ల మీదకు వాల్చేస్తాడు. వీటికంటే ఎంతో పాతది మూడో ఉపాయం. పడవకు దూరంగా, అడ్డవాసాల చివర, తేలే దుంగ ఒకటి కట్టడం.

ఇది ఆస్ట్రోనేసియన్ భాషలు మాట్లాడే దీవుల జనం పెంచి పోషించిన విద్య. రెండు పక్కలా దుంగలున్న పడవలు ఫిలిప్పీన్స్‌లో, ఇండోనేసియాలో ఇప్పటికీ చేపల వేటకు వెళ్తున్నాయి. పసిఫిక్ దీవుల్లోనూ శ్రీలంకలోనూ ఒక పక్కే దుంగ ఉండేవి ఎక్కువ. పడమర దిక్కున ఈ పద్ధతి మడగాస్కర్ దాకా పోయింది. మన కోస్తా తెప్ప వేరే కుదురుది. దాంట్లో దుంగలను సందు లేకుండా పక్కపక్కన చేర్చి తాళ్లతో బిగిస్తారు. ఒడ్డున విరిగే కెరటాలను దాటడానికి అది గొప్ప సాధనం, ఎంత నీళ్లు మీద పడినా మునగదు. ఆ దీవుల పడవలో ఉన్నదీ తెప్పలో లేనిదీ ఒక్కటే: దుంగల మధ్య ఖాళీ.

ఆ ఖాళీలోనే బలమంతా ఉంది. తలుపును బందు దగ్గర నెడితే కదలదు, అంచు దగ్గర వేలితో తోసినా తెరుచుకుంటుంది. దుంగకు బదులు బోలు దోనె కట్టినా, ఆ పక్కదోనె సూత్రమూ అదే. లెక్క కోసం 50 లీటర్ల దోనె అనుకుందాం. అది పూర్తిగా నీళ్లలోకి అణిగితే ఆర్కిమెడిస్ చెప్పినట్టు సుమారు 50 కిలోల బలంతో పైకి నెడుతుంది. మనిషి కూర్చునే నడిదోనెకు 1.2 మీటర్ల దూరంలో ఉంటే ఆ నెట్టుడు విలువ 50 ఇంటు 1.2, అంటే 60. అదే 80 కిలోల మనిషి సన్నటి కయాక్‌లో కూర్చుని తన బరువును పక్కకు 20 సెంటీమీటర్లు జరిపితే వచ్చేది 16. ఒళ్లు వంచనక్కర్లేకుండానే దాదాపు నాలుగు రెట్ల ఆసరా దొరుకుతోందన్నమాట.

మరో లాభం కూడా ఉంది. నిలబెట్టే పని పక్కదోనెలు చూసుకుంటాయి కాబట్టి నడిదోనె వెడల్పుగా ఉండాల్సిన అవసరం లేదు. మామూలు అయిదు మీటర్ల పడవ, తాను లేపిన అల మధ్యే చిక్కుకుని గంటకు 10 కిలోమీటర్ల దగ్గర మొరాయిస్తుంది. సన్నటి దోనె పెద్ద అల లేపదు, అందుకే ఆ హద్దు దాటి పోగలదు.

పాశ్చాత్య దేశాల్లో ఈ మూడు దోనెల పడవకు మళ్లీ ప్రాణం పోసినవాళ్లలో కీవ్ నుంచి అమెరికా వలస వెళ్లిన చిత్రకారుడు విక్టర్ చెచెట్ ఒకడు. ట్రైమరాన్ అనే పేరు ఆయన పెట్టిందే అంటారు. 1950, 60 దశకాల్లో కాలిఫోర్నియాకు చెందిన ఆర్థర్ పైవర్ దాన్ని ప్లైవుడ్‌తో పెరట్లో కట్టుకునే పడవగా మార్చాడు. 1960లో తాను కట్టుకున్న 30 అడుగుల పడవలో అట్లాంటిక్ దాటాడు. 1968లో ఒంటరిగా బయల్దేరి సముద్రంలో కనిపించకుండా పోయాడు. అదే ఏడాది మొదలైన గోల్డెన్ గ్లోబ్ పందెంలో నైజెల్ టెట్లీ, పైవర్ నమూనా ట్రైమరాన్ మీద భూమి చుట్టివచ్చే దారి దాదాపు పూర్తిచేశాడు. వెనకాలే మరొకడు తరుముకొస్తున్నాడని నమ్మి, అప్పటికే దెబ్బతిన్న పడవను ఇంకా తోలాడు. 1969 మే నెలలో, ఇంటికి చేరువవుతుండగా, అజోర్స్ దగ్గర పడవ విచ్చిపోయి మునిగింది. మూడు దోనెల పడవలో అలల పోటంతా చేరేది అతుకుల దగ్గరే. నీళ్లలోకి దించేముందు అడ్డకమ్మీల పిన్నులు, బోల్టులు ఒక్కొక్కటీ చేత్తో కదిపి చూడాలని నేర్పేవాళ్లు పట్టుబట్టేది అందుకే.

మహాసముద్రాల రికార్డుల కన్నా నాకు ముఖ్యంగా కనిపించే మలుపు తర్వాత వచ్చింది. పైవర్‌తో పనిచేసి ఎదిగిన జిమ్ బ్రౌన్, 1990ల్లో విండ్‌రైడర్ అనే 16 అడుగుల ట్రైమరాన్ రూపొందించాడు. పాలీఇథిలీన్ పొడిని బోలు అచ్చులో పోసి, వేడిచేస్తూ తిప్పితే దోనె తయారవుతుంది. మన మేడల మీద నీళ్ల ట్యాంకులు చేసేదీ ఈ పద్ధతిలోనే. కూర్చునేవాడు ముందుకు చూస్తూ, కాళ్లతో చుక్కాని తిప్పుతాడు. రాయికి తగిలినా పగలని ఆ ప్లాస్టిక్ వల్ల, పడవ కట్టడం రానివాడికీ ట్రైమరాన్ అందింది. నీళ్ల కింది రెక్కలతో పైకి లేచి సాగే హైడ్రోఫాయిల్ ట్రైమరాన్లతో 40 నాట్ల వేగం దాటించిన గ్రెగ్ కెటర్‌మన్, హోబీ కంపెనీ కయాక్‌లకు పెంగ్విన్ రెక్కల్లా కొట్టుకునే పెడల్ యంత్రం అందించాడు. 2000 దశకంలో హోబీ ఆ కయాక్‌కే తెరచాపా పక్కదోనెలూ తగిలించి అడ్వెంచర్ ఐలండ్ తెచ్చింది. పొడవు సుమారు 5 మీటర్లు, దోనెలు చాపితే వెడల్పు 3 మీటర్లకు కాస్త తక్కువ, చాప దాదాపు 5 చదరపు మీటర్లు. ఫ్లోరిడాలో టాంపా అఖాతం నుంచి కీ లార్గో దాకా సుమారు 300 మైళ్లు సాగే ఎవర్‌గ్లేడ్స్ చాలెంజ్ పందెంలోనూ ఇలాంటివి దిగుతుంటాయి. ఇరుకు చోట్ల దోనెలు ముడుచుకుని, గాలి లేనప్పుడు పెడల్ తొక్కుకుంటూ పోతాయి.

కొత్తగా ఎక్కేవాళ్లకు చెప్పాల్సిన మొదటి మాట: కళ్లు చాప మీద కాదు, గాలి వాలున (గాలి నెట్టే వైపు) ఉన్న పక్కదోనె మీద ఉంచండి. పెద్ద పందెం ట్రైమరాన్లలో పక్కదోనె ఒక్కటే పడవ మొత్తాన్నీ మోయగలదు. కయాక్ దోనెలు చిన్నవి, గాలి పెరిగేకొద్దీ క్రమంగా అణుగుతాయి. సగం మునిగితే హాయిగా నడుస్తోందని అర్థం. పైభాగం మీదుగా నీళ్లు పారుతుంటే దాని ఆసరా హద్దుకు వచ్చేసినట్టే. మునిగిన దోనె ఇక కొత్తగా ఎత్తలేదు, పైగా నీళ్లలో ఈడ్చుకుంటూ పడవను తనవైపు తిప్పేస్తుంది. ముక్కు కిందికి దిగుతుంటే ఇంకా ప్రమాదం, పడవ ముందుకు పల్టీ కొట్టవచ్చు. అప్పుడు చేయాల్సింది చాపతాడు, అంటే చాపను లాగి పట్టే తాడు, వదలడం. వదిలితే చాప రెపరెపలాడి బలం పోతుంది, దోనె వెంటనే పైకి లేస్తుంది. అందుకే మొదటి రోజుల్లో ఆ తాడును దేనికీ బిగించకుండా చేతిలోనే పట్టుకోవాలి.

గాలి బలం వేగానికి వర్గంలో పెరుగుతుంది. 10 నాట్ల గాలి 20 నాట్లయితే చాప మీద భారం నాలుగింతలు. నీళ్ల మీద తెల్ల నురగలు అక్కడక్కడా కనబడ్డాయంటే అప్పటికే 7 నుంచి 10 నాట్లున్నట్టు బోఫోర్ట్ కొలమానం చెబుతుంది. నురగలు చిక్కబడుతుంటే ఒడ్డునే చాపను స్తంభానికి కొంత చుట్టి చిన్నది చేసుకోండి. నీళ్లలోకి వెళ్లాక విప్పుకోవడం తేలిక, చుట్టుకోవడం కష్టం.

కొత్తవాళ్లను ఎక్కువగా విసిగించేది ఎదురుగాలిలో దిశ మార్చడం. ఏ చాప పడవా నేరుగా గాలికి ఎదురు పోలేదు, అటూ ఇటూ సుమారు 45 డిగ్రీల మేర అది సాగలేని చోటు. బరువైన పడవ ఊపు మీద ఆ చోటు దాటేస్తుంది. ట్రైమరాన్ తేలిక, వెడల్పు ఎక్కువ, కాబట్టి మధ్యలో నిలిచిపోతుంది. ముందు వేగం కూడగట్టుకుని, చుక్కానిని ఒక్కసారి గుంజకుండా నిదానంగా తిప్పి, ఆ రెండు మూడు క్షణాలూ పెడల్ తొక్కండి, లేదా తెడ్డు వేయండి. నిలిచిపోయి వెనక్కి జారుతుంటే చుక్కాని తిరగబడి పనిచేస్తుందని గుర్తుంచుకోండి.

మొదటి ప్రయాణానికి గాలి ఒడ్డుకు సమాంతరంగా గానీ ఒడ్డు వైపుకు గానీ వీచే పూట ఎంచుకోండి. తెల్లవారుజామున నేల మీద నుంచి సముద్రం వైపు వీచే గాలితో వేటకు వెళ్లి, మధ్యాహ్నం సముద్రపు గాలితో తిరిగి రావడం కోస్తా జాలరుల పాత లెక్క. అది ఆ నీళ్లు తెలిసినవాళ్ల లెక్క. చేయి తిరగనివాడిని ఉదయపు గాలి లోపలికి తీసుకుపోయి వదిలేస్తుంది. సరస్సులో అయితే ముందు ఎదురుగాలిలో వెళ్లి, అలసిపోయాక వెనుక గాలితో రండి. లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి, పడవలో పడేస్తే లాభం లేదు. ఒంటినీ పడవనూ కలిపే తాడు కూడా తప్పనిసరి. సాధారణ కయాక్ మనిషి పడితే తానూ బోర్లాపడి అక్కడే ఉంటుంది. ఇది మాత్రం మీరు పడ్డా నిటారుగానే సాగిపోవచ్చు, ఈదుకుంటూ అందుకోలేరు.

ఇక బోల్తా సంగతి. మూడు దోనెల వెడల్పు ఏ గుణంతో పడవను నిలబెడుతుందో, తలకిందులయ్యాక అదే గుణంతో అలాగే పట్టి ఉంచుతుంది. దోనెలు ముడిచే వీలున్న కయాక్‌లో ఒక పక్క కమ్మీ బిగింపు వదిలి, ఆ దోనెను నడిదోనె వైపు ముడిచేస్తే వెడల్పు తగ్గుతుంది. అప్పుడు ముడిచిన పక్క నుంచి తాడు పట్టి దొర్లించవచ్చు. దీన్ని నడుము లోతు దాటిన ప్రశాంతమైన నీళ్లలో, వెచ్చటి రోజున, పక్కన ఇంకో మనిషి ఉండగా ముందే సాధన చేయాలి. స్తంభం నేలకు గుచ్చుకోనంత లోతు ఉందో లేదో చూసుకోండి. ఆ పని ఒంటరిగా చేయగలిగాకే ఒడ్డుకు దూరంగా వెళ్లండి.