చేపలకూ చలి పెడుతుంది!

"మనుషులకే దుప్పట్లు సాలకపాయె, శాపలకు పొయ్యి పెడ్తరా బిడ్డా?" అంటూ మా అత్తమ్మ ముక్కున వేలేసుకున్నారు, నేను అక్వేరియం హీటరు పెట్టెలోంచి తీస్తుంటే.

మాది కురవి. మా చిన్నోడి పోరు పడలేక రెండడుగుల గాజుతొట్టి, ఎనిమిది ఏంజెల్ చేపలు తెచ్చాం. మొదటి చలికాలంలోనే వాటి ఒంటిమీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు లేచాయి. రెండు చచ్చిపోయాయి. ఏంజెల్ చేపల పుట్టిల్లు అమెజాన్ నది. 25 నుంచి 28 డిగ్రీల నీరు వాటికి హాయి. మన దగ్గర డిసెంబరు, జనవరి రాత్రుల్లో గాలి 15 డిగ్రీల దాకా దిగుతుంది. చలికి నీరసించిన చేపను తెల్లచుక్కల పురుగు ఇట్టే పట్టేస్తుంది.

సరే, హీటరు కొందామని వెళితే షాపతను "పెద్దదే తీసుకోండి మేడమ్" అన్నాడు. 200 వాట్లది తెచ్చాం. నెల తిరక్కుండానే ఓ తెల్లవారుజామున పాలు పొయ్యిమీద పెట్టి వచ్చి చూద్దును కదా, చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. థర్మామీటరు 35 చూపిస్తోంది! హీటరు ఎర్రలైటు ఇంకా వెలుగుతూనే ఉంది. గబగబా ప్లగ్గు పీకాను. అయినా నాలుగు పోయాయి. "నువ్వే సంపినవమ్మా" అని చిన్నోడు ఆ పూట అన్నం ముట్టలేదు. ఆ మాటతోనే దీని సంగతేమిటో తెలుసుకోవాలన్న పట్టుదల పుట్టింది.

ఎన్ని వాట్లు కావాలి?

తొట్టి పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. మాది 60, 30, 30. అంటే 54 లీటర్లు. ఇసుక, రాళ్లు పోను 45. లీటరుకు ఒక వాటు చొప్పున 50 వాట్లది సరిపోతుంది. హీటరులో వేడిని చూసి కరెంటు ఆపే థర్మోస్టాట్ ఉంటుంది. దాని మీటలు అతుక్కుపోతే ఇక ఆగదు. మా ఇంట్లో జరిగింది అదే. చిన్న హీటరైతే అతుక్కుపోయినా నీరు మెల్లగా, కొంతే వేడెక్కుతుంది. మనం చూసుకునే వ్యవధి ఉంటుంది. పెద్ద తొట్టి ఉన్నవాళ్లు ఒకే పెద్దది కాకుండా రెండు చిన్నవి పెట్టుకోవడం మేలు. అన్నట్టు, గోల్డ్‌ఫిష్‌కు అసలు హీటరే అక్కర్లేదు. వాటికి చల్లనీళ్లే ఇష్టం.

చెడిపోయిందని ఎలా తెలుస్తుంది?

హీటరు మీది అంకెలను నమ్మకండి, విడిగా థర్మామీటరు పెట్టండి. కొత్తది తేగానే ప్లాస్టిక్ బకెట్ నీళ్లలో ఒకరోజు పరీక్షించండి. 26 దగ్గర పెడితే ఇంచుమించు అక్కడే లైటు ఆరిపోవాలి. లైటు వెలుగుతున్నా నీరు చల్లగానే ఉంటే, వాట్లు చాలలేదన్నా కావచ్చు, లోపలి తీగ తెగిందన్నా కావచ్చు. ఓ మూల వెచ్చగా, మరో మూల చల్లగా ఉంటే హీటరును ఫిల్టరు నీళ్లు పారే చోటికి మార్చండి. గొట్టం లోపల చెమ్మ కనిపిస్తే మాత్రం బాగుచేయించకండి, పారేయండి.

నీరు మరీ వేడెక్కితే కంగారులో ఐసు వేయకండి. ప్లగ్గు తీసి, గాలి మోటారు పెంచి, కొద్దికొద్దిగా చల్లనీళ్లు మార్చండి. వేడినీటిలో ప్రాణవాయువు తక్కువ, అందుకే చేపలు పైకి తేలతాయి.

ముందు మన ప్రాణం!

స్నానాల హీటరు రాడ్డును తొట్టిలో పెట్టే ఆలోచనే వద్దు. ప్లగ్గు తీయకుండా నీళ్లలో చెయ్యి పెట్టకండి, పిల్లల్ని పెట్టనివ్వకండి. వైరు సాకెట్టు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లాలి. అలాగైతే వైరు వెంట జారిన నీటిచుక్క సాకెట్లోకి పోకుండా కింద పడుతుంది. ఇంట్లో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోండి. నీళ్లు మార్చేముందు ప్లగ్గు తీసి అరగంట ఆగండి. వేడి గొట్టం నీళ్లలోంచి బయటపడితే పగులుతుంది.

కరెంటు పోతే? తొట్టి చుట్టూ దుప్పటి కప్పేయండి. గంటల తరబడి వేడి నిలుస్తుంది. ఆ చిట్కా మా అత్తమ్మదే.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది 50 వాట్లది. శివరాత్రికి చలి "శివ శివా" అంటూ వెళ్లిపోతుందంటారు కదా. మా ఊళ్లో వీరభద్రస్వామి జాతర మొదలయ్యాక హీటరు మళ్లీ పెట్టెలోకి వెళుతుంది. అప్పటిదాకా రోజూ పడుకోబోయే ముందు తొట్టి దగ్గరికి వెళ్లి "ఎర్రలైటు ఆరింది బిడ్డా, ఇగ పండుకో" అని చెప్పేది అత్తమ్మే.