మీకు తెలుసా? ఛార్జింగ్‌లో ఉన్న ముప్పు

● 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌ రూబీ హోటల్ భవనంలో, కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచాయి. మెట్లదారి పొగగొట్టంగా మారి, పై అంతస్తులను పొగ కమ్మేసింది. 8 మంది చనిపోయారు. ఎక్కువ మందిని బలిగొన్నది మంట కాదు, పొగ.

● అదే ఏడాది ఏప్రిల్‌లో నిజామాబాద్, విజయవాడల్లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీలు పేలి ఇద్దరు మరణించారు. ఆ నెలలోనే దేశంలో మూడు కంపెనీలు 6,600కు పైగా స్కూటర్లను వెనక్కి పిలిచాయి.

● ఈ బ్యాటరీల్లోని ఒక్కో లిథియం సెల్‌లో రెండు ధ్రువాల మధ్య పలుచని పొర ఉంటుంది. తయారీ లోపంతోనో, దెబ్బ తగిలో అది చిరిగితే లోపలే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. ఒక సెల్ వేడి పక్క సెల్‌ను రగిలిస్తుంది.

● వస్తువులోని లోపం వల్ల గాయపడితే తయారీదారు నుంచి పరిహారం కోరే హక్కును 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చింది. మీరు ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. సలహాకు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

● బ్యాటరీ ఉబ్బినా, ఘాటు వాసన వచ్చినా వాడకండి. రాత్రంతా ఛార్జింగ్‌లో వదలకండి. మెట్ల కింద, గుమ్మం దగ్గర అసలే పెట్టకండి. మంటలు లేస్తే ప్రాణాలతో బయటపడే దారి అదే!