లాకప్, లాకౌట్, లాక్‌డౌన్: క్రియ వెనక చిన్న ముక్క చేసే పని

పోలీసులు నిందితుణ్ణి పెట్టేది లాకప్‌లో. యాజమాన్యం ఫ్యాక్టరీ గేటు మూసేసి కార్మికులను రానివ్వకపోతే అది లాకౌట్. 2020లో దేశమంతా ఇళ్లకే పరిమితమైతే లాక్‌డౌన్. మూడింటిలోనూ ఉన్నది ఒకే ‘లాక్’. తేడా అంతా వెనకున్న అప్, ఔట్, డౌన్‌లది. ఇంగ్లీషు చదవడం రానివాళ్లు కూడా ఈ మూడింటినీ ఒకదానికి బదులు మరొకటి వాడరు. అదే విషయాన్ని ‘ఫ్రేజల్ వెర్బ్స్’ అనే పేరుతో పాఠంగా పెడితే మాత్రం పదో తరగతి పిల్లలు బెదిరిపోతారు.

అల్లూరి సీతారామరాజు జిల్లా డుంబ్రిగుడ మండలంలో ఈ బెదురుకు ఇంకో కారణమూ ఉంది. ఇక్కడ చాలామంది పిల్లలు ఇంట్లో ఆదివాసీ ఒడియానో కువినో మాట్లాడి, బడికి వచ్చాక తెలుగు నేర్చుకుని, ఆ తర్వాత ఇంగ్లీషులో అడుగుపెడతారు. పెద్దయ్యాక ఉద్యోగ పరీక్షలు రాసేవారికీ, చాపరాయి జలపాతానికి వచ్చే పర్యాటకులతో మాట్లాడాల్సిన వారికీ ఈ మాటలు రోజూ ఎదురవుతాయి. అందుకే వీటి చుట్టూ అల్లుకున్న అపోహలను ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ 1: అసలు క్రియ తెలిస్తే చాలు, వెనకున్న ముక్క అలంకారం.

వాస్తవం: చాలాచోట్ల అర్థాన్ని నిర్ణయించేది ఆ ముక్కే. ‘గివ్’ అంటే ఇవ్వడం. ‘గివ్ అప్’ అంటే ప్రయత్నం మానుకోవడం, ‘గివ్ ఇన్’ అంటే ఎదుటివారి ఒత్తిడికి లొంగిపోవడం, ‘గివ్ అవే’ అంటే ఉచితంగా ఇచ్చేయడం లేదా గుట్టు బయటపెట్టడం. వాన పడి చాపరాయి ప్రయాణాన్ని ‘పుట్ ఆఫ్’ చేశామంటే వాయిదా వేసినట్టు. ‘కాల్ ఆఫ్’ చేశామంటే రద్దు చేసినట్టు. జీపు మాట్లాడిపెట్టిన మనిషికి ఈ తేడా తెలియకపోతే ఒక రోజు బేరం పోయినట్టే.

అపోహ 2: ‘అప్’ అంటే పైకి, ‘డౌన్’ అంటే కిందికి, అంతే.

వాస్తవం: దిక్కు చెప్పడం వాటి మొదటి పని మాత్రమే. ‘ఈట్ అప్’, ‘యూజ్ అప్’లలో అప్ పైకి తీసుకెళ్లదు, పని పూర్తయిందని చెబుతుంది. మనం ‘తిను’ను ‘తినెయ్యి’ అన్నప్పుడు చివరి ‘ఎయ్యి’ చేసేది సరిగ్గా ఇదే పని. ‘ఆన్’ కొనసాగింపును సూచిస్తుంది: క్యారీ ఆన్, గో ఆన్. ‘ఔట్’ ఒక్కోసారి అయిపోవడాన్ని చెబుతుంది: డీజిల్ ‘రన్ ఔట్’ అయిందంటే ట్యాంకు ఖాళీ. క్రికెట్ రనౌట్ సంగతి వేరు. లైటు ‘గో ఆఫ్’ అయితే ఆరిపోయినట్టు, అలారం ‘గో ఆఫ్’ అయితే మోగినట్టు. దరఖాస్తును బ్రిటన్‌లో ‘ఫిల్ ఇన్’ చేస్తారు, అమెరికాలో ‘ఫిల్ ఔట్’ చేస్తారు, మన దగ్గర ‘ఫిలప్’ చేస్తాం. మూడూ ఒకే పని.

అపోహ 3: వీటికి తర్కం లేదు. పట్టిక ముందేసుకుని బట్టీ కొట్టాల్సిందే.

వాస్తవం: ఇందులో సగం నిజముంది. ‘పుట్ అప్ విత్’ అంటే భరించడం అని విడి ముక్కలను చూసి ఎవరూ ఊహించలేరు. అలాంటివి గుర్తుపెట్టుకోవాల్సిందే. కానీ చాలావాటి వెనక ఒక వరుస కనిపిస్తుంది. ‘ఆఫ్’నే తీసుకోండి. చెప్పులు ‘టేక్ ఆఫ్’ చేయడం, కొమ్మను ‘కట్ ఆఫ్’ చేయడం, బంధువులను ‘సీ ఆఫ్’ చేసి సాగనంపడం, అన్నిటా ఉన్నది విడిపోవడమే. విమానం నేలను విడిచినా టేకాఫే. అప్, ఔట్‌ల అర్థాలు ఇలా ఒకదాని నుంచి మరొకటి పుడతాయని సుసాన్ లిండ్నర్ 1981లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో తన పరిశోధనలో వివరంగా చూపారు. కాబట్టి క్రియల వారీగా కాక ముక్కల వారీగా గుంపులు కట్టి చదివితే భారం తగ్గుతుంది.

అపోహ 4: ఇదంతా ఇంగ్లీషు వాళ్ల తిక్క, మన భాషల్లో ఇలాంటిది లేదు.

వాస్తవం: చెప్పు, చెప్పెయ్యి, చెప్పుకో, చెప్పిపెట్టు, చెప్పిచూడు. తోక మారినప్పుడల్లా పని తీరు మారింది. ఇంగ్లీషులో ఆ పని వెనకున్న చిన్న ముక్క, అంటే పార్టికల్, చేస్తే తెలుగులో సహాయక క్రియ చేస్తుంది. సంస్కృతంలో ముక్క ముందు చేరుతుంది: ఆహారం, విహారం, సంహారం, పరిహారం అన్నీ ఒకే ధాతువు పిల్లలు. డుంబ్రిగుడ పిల్లలకు ఇంకా దగ్గరి సాక్ష్యం ఇంట్లోనే ఉంది. కువి మన తెలుగుకు చుట్టమైన ద్రావిడ భాష. కుయి, కువి, పెంగో భాషల్లో పని ‘నాకో నీకో’ తగిలేదైతే క్రియలో ఒక చిన్న ముక్క చేరుతుందని, మూడో మనిషికైతే చేరదని భాషావేత్తలు నమోదు చేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం కువి, ఆదివాసీ ఒడియాలతో సహా ఎనిమిది గిరిజన భాషలను ప్రాథమిక తరగతుల్లోకి తెచ్చింది. ఇంటి భాషను పునాదిగా వాడుకునే ఆ పద్ధతి ఇంగ్లీషు పాఠానికీ పనికొస్తుంది.

అపోహ 5: ఇవి బజారు మాటలు, మర్యాదైన రాతలో వాడకూడదు.

వాస్తవం: కొన్ని కబుర్లకే తగినవి. అన్నీ కాదు. ‘క్యారీ ఔట్’, ‘సెట్ అప్’, ‘పాయింట్ ఔట్’ కోర్టు తీర్పుల్లోనూ ప్రభుత్వ నివేదికల్లోనూ కనిపిస్తాయి. శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు ముందుమాటలోనే వీటి గురించి రాశాడు, పరాయివాళ్లకు ఇవి చాలా కష్టమని ఒప్పుకున్నాడు. ఫ్రేజల్ వెర్బ్ అన్న పేరు మాత్రం 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. పేరు కొత్తది, వాడుక పాతది.

అపోహ 6: ముక్కను వాక్యంలో ఎక్కడ పెట్టినా ఒకటే.

వాస్తవం: ‘పికప్’ అని మనం కలిపి పలకడం వల్ల వచ్చిన చిక్కు ఇది. సర్వనామం వస్తే ముక్క వెనక్కి జరగాలి. ‘పిక్ అప్ దెమ్’ తప్పు, ‘పిక్ దెమ్ అప్’ ఒప్పు. ‘లుక్ ఆఫ్టర్ దెమ్’ను మాత్రం విడదీయకూడదు. ఇంకో తేడా చూడండి. ‘రన్ అప్ ఎ హిల్’ అంటే కొండెక్కి పరుగెత్తడం, ‘రన్ అప్ ఎ బిల్’ అంటే బాకీ పెంచుకోవడం. రెండోదాన్ని ‘రన్ ఎ బిల్ అప్’ అని తిప్పవచ్చు. మొదటిదాన్ని తిప్పలేం, ఎందుకంటే అక్కడ అప్ కొండకు చెందినది, పరుగుకు కాదు. అలాగే ‘దిగు’ను తలచుకుని మనం బస్సుకు ‘గెట్ డౌన్’ అంటాం. బయటి దేశాల వాళ్లు బస్సుకు ‘గెట్ ఆఫ్’, కారుకు ‘గెట్ ఔట్ ఆఫ్’ అంటారు. కారు ముందు నిలబడి ఉత్త ‘గెట్ ఔట్’ అంటే అతిథిని గెంటేసినట్టు వినిపిస్తుంది, జాగ్రత్త.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. వందల మాటల పట్టికలు పక్కన పెట్టండి. వారానికి ఒక ముక్కను తీసుకుని, దానితో వచ్చే క్రియలను పిల్లల ఊరి పనులతో వాక్యాలుగా రాయించండి. అదే అర్థం వాళ్ల ఇంటి భాషలో ఎలా చెబుతారో అడగండి. రెండు మూడు భాషల మధ్య రోజూ తిరిగే పిల్లలకు ఇంగ్లీషు పార్టికల్ కొత్త విద్య కాదు, తెలిసిన విద్యకు మరో రూపం మాత్రమే.