స్కానులో థైమస్: జ్వరం, టీకా వదిలే ఆనవాళ్లు

రొమ్ము ఎముక వెనుక, గుండెకు కాస్త పైన ఉండే మెత్తటి గ్రంథి థైమస్. ఎముక మజ్జలో పుట్టిన కణాలు ఇక్కడికి చేరి టి-కణాలుగా తయారవుతాయి. వైరస్ సోకిన కణాలను గుర్తుపట్టగలిగేవి నిలుస్తాయి, సొంత శరీరం మీదే తిరగబడేవి చాలావరకు ఇక్కడే నశిస్తాయి. 1961లో శాస్త్రవేత్త జాక్ మిల్లర్ లండన్‌లో ఎలుకల మీద ప్రయోగాలు చేసేదాకా దీనికి ఇంత పని ఉందని వైద్యులకు తెలియదు.

పసిపిల్లల ఛాతీ ఎక్స్‌రేలో ఇది గుండె నీడ పక్కన తెరచాపలా కనిపిస్తుంది. గత శతాబ్దపు తొలి సగంలో అమెరికాలో ఈ మామూలు నీడనే జబ్బుగా భావించి, పిల్లలకు రేడియేషన్ ఇచ్చి గ్రంథిని కుదించారు. వారిలో కొందరికి పెద్దయ్యాక థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు జరిగిన ఘోరమిది. యుక్తవయసు తర్వాత గ్రంథి తగ్గుతూ వస్తుంది; నలభై దాటిన వారి సీటీ స్కానులో ఆ చోట ఎక్కువగా కొవ్వే ఉంటుంది.

తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ వస్తే ఒంట్లో కార్టిసాల్ పెరుగుతుంది. దాని ధాటికి ఇంకా ఎదగని టి-కణాలు పెద్ద ఎత్తున చనిపోయి, థైమస్ కొద్ది రోజుల్లోనే కుంచించుకుపోతుంది. పోషకాహార లోపం, స్టెరాయిడ్లు, కీమోథెరపీ చేసేదీ ఇదే. కోలుకునే దశలో గ్రంథి మళ్లీ పెరుగుతుంది, ఒక్కోసారి మునుపటికంటే పెద్దదిగా. కోవిడ్‌తో ఐసీయూలో చేరిన కొందరు పెద్దవాళ్లలో కూడా థైమస్ పెరగడాన్ని ఫ్రాన్స్ వైద్యులు సీటీలో గమనించారు. అది రోగనిరోధక శక్తి పుంజుకుంటున్న సూచన కావచ్చని వారు భావించారు.

టీకా విషయంలో ఆనవాళ్లు ప్రధానంగా మరోచోట కనిపిస్తాయి. 2021లో ఎంఆర్‌ఎన్ఏ కోవిడ్ టీకాలు వేయించుకున్నవారికి పెట్ స్కాన్ తీస్తే, సూది వేసిన చేతివైపు చంకలోని లింఫ్ గ్రంథులు వెలిగేవి. క్యాన్సర్ పాకిందేమోనని కంగారు పుట్టించిన చిత్రాలవి. థైమస్ పెరిగిన ఉదంతాలు మాత్రం అరుదు.

పెరిగిన థైమస్‌ను కణితి నుంచి వేరుగా గుర్తించడమే రేడియాలజిస్టు అసలు పని. మామూలుగా పెరిగిన గ్రంథి త్రిభుజాకారం, నున్నటి అంచులు నిలుపుకుంటుంది, పక్కనున్న రక్తనాళాలను నెట్టదు. పెట్ స్కానులో తలకిందులైన 'వి' ఆకారంలో, అంతటా ఒకే తీరుగా వెలుగుతుంది. ఎమ్మారైలో నీటి, కొవ్వు సంకేతాలు ఒకదాన్నొకటి రద్దు చేసేలా తీసిన చిత్రంలో, లోపల కొవ్వు కలిసి ఉండడం వల్ల మసకబారుతుంది. కణితి సాధారణంగా అలా మసకబారదు. చిన్న వయసు వారిలో కొవ్వు తక్కువ కాబట్టి ఈ పరీక్ష ఒక్కటే చాలదు. సందేహం తీరకపోతే కొంతకాలం ఆగి మళ్లీ స్కాన్ తీస్తారు. మామూలు పెరుగుదలైతే ఈలోగా తగ్గుముఖం పడుతుంది.

అందుకే స్కానుకు వెళ్లేవారు ఈమధ్య వచ్చిన జ్వరం గురించి, టీకా తేదీ, ఏ చేతికి వేయించుకున్నదీ ముందే రేడియాలజిస్టుకు చెప్పాలి.